వార్డు ఇంటికి రావాలంటే నర్సు రావాలి

రాయలసీమ పల్లెల్లో ఇంట్లోనే సెలైన్ ఎక్కించుకోవడం ఎవరికీ వింత కాదు. జ్వరంతో నీరసపడిన మనిషి మంచం మీద పడుకుంటాడు. గోడకున్న మేకుకో, కిటికీ ఊచకో బాటిల్ వేలాడుతుంది. ఊళ్లో ఉండే ఆరెంపీ వచ్చి సూది గుచ్చి, తన డబ్బులు తీసుకుని వెళ్లిపోతాడు. ధర్మవరం పక్కనున్న తాడిమర్రి వైపు కూడా జబ్బు మనిషికి ముందు గుర్తొచ్చే వైద్యం ఇదే. ఆ బాటిల్లో ఏ మందు కలిపారో రాసిన కాగితం ఉండదు. స్టెరాయిడ్ ఇచ్చారా, ఏ యాంటీబయాటిక్ ఇచ్చారు, ఇంకెన్ని రోజులు ఇవ్వాలి అని అడిగే అలవాటు ఇంటివాళ్లకు లేదు. రెండో రోజు రాత్రి మనిషి ఆయాసపడితే ఎవరికి ఫోన్ చెయ్యాలో తెలియదు. ఇంటి దగ్గరే ఆస్పత్రి స్థాయి వైద్యం అనే మాట ఇప్పుడు పెద్ద దేశాల్లో కొత్త ఆలోచనగా చర్చకు వస్తోంది. ఇక్కడ ఇంటి వైద్యం ఎన్నో ఏళ్లుగా ఉంది. దాని వెనక ఉండాల్సిన డాక్టరు, రాతకోత, పూచీ మాత్రం లేవు.

జనం ఇలా ఎందుకు చేస్తారో అర్థం చేసుకోవడం కష్టం కాదు. తాడిమర్రిలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రం ఉంది. అక్కడ కుదరకపోతే పక్క మండలంలోని బత్తలపల్లి ఆర్డీటీ ఆస్పత్రికి పోవాలి, లేదంటే ధర్మవరం. అక్కడా కాకపోతే అనంతపురం పెద్దాస్పత్రి, గుండె జబ్బయితే పుట్టపర్తి, అప్పు పుడితే బెంగళూరు. ఎక్కడ చేరినా మంచం పక్కన ఇంకొక మనిషి ఉండి తీరాలి. ఆ మనిషి కూలి పోతుంది, ఇంటి దగ్గర పశువులను చూసేవాళ్లు ఉండరు, చీనీ చెట్లకు నీళ్లు పెట్టేవాళ్లు ఉండరు. ధర్మవరం చేనేత ఇంట్లోనైతే మగ్గం ఆగిపోతుంది. చీర దిగితేనే కూలి కాబట్టి ఆ వారం సంపాదన లేనట్టే. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతాల్లో చాలా ఇళ్లలో వయసు పిల్లలు బెంగళూరులో పని చేసుకుంటున్నారు. ఇంట్లో మిగిలింది ముసలివాళ్లే. భార్య జబ్బు పడితే భర్త వెంట ఉండాలి, ఆయనకే బీపీ, షుగరు. ఇలాంటి ఇంటికి పది రోజుల ఆస్పత్రి ఒక పంట నష్టంతో సమానం.

ఇంట్లో వైద్యం ఎలాగూ జరుగుతోంది కాబట్టి, అది అర్హత ఉన్నవాళ్ల చేతుల మీదుగా, పెద్ద డాక్టరు కనుసన్నల్లో, ప్రభుత్వ ఖర్చుతో జరగాలి. ఇందుకు కావలసినవి చాలావరకు తాడిమర్రి చుట్టుపక్కలే ఉన్నాయి. వాటిని కలిపి నడిపే ఉత్తర్వు ఒక్కటే రావాలి.

ప్రపంచంలో ఇది ఎక్కడ, ఎలా నడుస్తోందో ముందు చూద్దాం. ఫ్రాన్స్‌లో ఇంటి ఆస్పత్రి 1957లోనే మొదలైంది. ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రం 1994లో దీనికి ప్రభుత్వ నిధులిచ్చి ఆస్పత్రుల పనిలో భాగం చేసింది. అమెరికాలో జాన్స్ హాప్కిన్స్ వైద్యులు 1990లలో, ఆస్పత్రిలో చేరాల్సిన ముసలివాళ్లను ఇంట్లోనే ఉంచి వైద్యం చేసి చూశారు. అయినా బీమా డబ్బు రాక అది చాలాకాలం పెరగలేదు. కోవిడ్‌తో పడకలు నిండిపోయాక, 2020 నవంబరులో అక్కడి ప్రభుత్వ బీమా మెడికేర్ ఇంటి వార్డుకు కూడా ఆస్పత్రి వార్డుకిచ్చినట్టే డబ్బు చెల్లిస్తామంది. ఆ తర్వాతే వందల ఆస్పత్రులు ముందుకొచ్చాయి. ఇంగ్లండ్ 2023 నాటికి ఇలాంటి పడకలు పదివేలు లెక్కకు తెచ్చింది.

వీటన్నిటిలో బోస్టన్ నగరంలోని బ్రిగమ్ ఆస్పత్రి వైద్యులు చేసిన పరిశోధన గురించి కాస్త వివరంగా చెప్పుకోవాలి. ఆస్పత్రికి వచ్చిన 91 మందిని చీటీ తీసినట్టు రెండు జట్లుగా విడదీశారు. ఒక జట్టును వార్డులో చేర్చారు, ఇంకో జట్టును ఇంటికి పంపి అక్కడే వైద్యం చేశారు. నిమోనియా లాంటి ఇన్ఫెక్షన్లు, గుండె బలహీనపడి నీరు పట్టడం, ఉబ్బసం వంటివి వాళ్ల జబ్బులు. ఇంటి జట్టుకు ఖర్చు 38 శాతం తగ్గింది. నెలలోపు మళ్లీ ఆస్పత్రిలో చేరాల్సి వచ్చినవాళ్లు వార్డు జట్టులో 23 శాతం, ఇంటి జట్టులో 7 శాతం. వార్డులో ఉన్నవాళ్లు రోజులో సగానికి పైగా పడుకునే ఉన్నారు. ఇంట్లో ఉన్నవాళ్లు అందులో మూడో వంతు సమయమే పడుకున్నారు. ముసలివాళ్ల కాళ్లు చచ్చుపడకుండా ఉండాలంటే ఈ తేడా చిన్నది కాదు.

ఆ ఇళ్లలో ఛాతీకి అంటించిన చిన్న పట్టీ గుండె వేగాన్ని, ఊపిరిని డాక్టరుకు పంపుతూ ఉండేది. వార్తల్లో ఆ పట్టీ గురించే ఎక్కువగా రాశారు. కానీ అదే పథకంలో రోజుకు ఒకసారి డాక్టరు, రెండుసార్లు నర్సు ఇంటికి వచ్చారు. సూదిమందు ఇచ్చింది, రక్తం తీసింది, కాలి వాపు నొక్కి చూసింది, ఇంట్లో అన్నం ఉందో లేదో గమనించింది మనుషులే. పట్టీ కొని మనుషులను మానుకుంటే ఆ ఫలితం రాదు.

ఈ పాఠం కోసం బోస్టన్ దాకా పోవాల్సిన పని కూడా లేదు. అనంతపురం జిల్లా దాన్ని అరవై ఏళ్ల కిందటే నేర్చుకుంది. ఆ చరిత్ర ఇప్పుడు చాలామందికి తెలియదు కాబట్టి కొంచెం నిదానంగా చెప్పుకోవాలి.

క్షయ సోకితే శానిటోరియంలో చేరడం తప్ప దారి లేదని నమ్మిన కాలం ఒకటుంది. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం శానిటోరియానికి ఆ రోజుల్లో దక్షిణ దేశమంతటా పేరు. మంచి గాలి, మంచి తిండి, నెలల తరబడి విశ్రాంతి. దేశంలో రోగులు లక్షల్లో ఉంటే పడకలు వేలల్లోనే ఉండేవి. 1950ల్లో మాత్రలు వచ్చాక ఒక ప్రశ్న తలెత్తింది. మాత్ర వేసుకోవడానికి శానిటోరియం ఎందుకు, ఇంట్లో వేసుకుంటే నయం కాదా? దాన్ని తేల్చడానికి 1956లో మద్రాసులో క్షయ చికిత్సా పరిశోధన కేంద్రం పెట్టారు. భారత వైద్య పరిశోధన మండలి, మద్రాసు ప్రభుత్వం, ప్రపంచ ఆరోగ్య సంస్థ, బ్రిటన్ వైద్య పరిశోధన మండలి కలిసి పెట్టిన సంస్థ అది. వాలెస్ ఫాక్స్ అనే బ్రిటిష్ వైద్యుడు నాయకత్వం వహించాడు. ఇరుకు ఇళ్లలో ఉండే 193 మంది పేద రోగులను రెండుగా విడదీసి, సగం మందిని శానిటోరియంలో, సగం మందిని ఇంట్లో ఉంచి ఏడాది పాటు ఒకే మందులిచ్చారు. 1959లో ఫలితాలు అచ్చయ్యాయి. ఇంట్లో ఉన్నవాళ్లకు తిండి తక్కువ, పని ఎక్కువ, గాలి ఆడని గది. అయినా వాళ్లకు శానిటోరియం రోగులతో దాదాపు సమానంగా నయమైంది. ఇంట్లోని పిల్లలకు, తోబుట్టువులకు దానివల్ల జబ్బు ఎక్కువగా అంటుకోలేదని తర్వాతి ఏళ్లలో తేలింది. ప్రపంచమంతటా శానిటోరియాలు మూతపడటానికి ఈ మద్రాసు ఫలితం ఒక ముఖ్య కారణం.

ఆ ఇంటి రోగులను డాక్టర్లు ఎలా కనిపెట్టుకుని ఉన్నారన్నది ఇప్పటి మన ప్రశ్నకు ఇంకా దగ్గరి విషయం. కేంద్రం సిబ్బంది చెప్పా పెట్టకుండా ఇంటికి వెళ్లేవాళ్లు. డబ్బాలో మాత్రలెన్ని మిగిలాయో లెక్కపెట్టేవాళ్లు. అప్పటికప్పుడు మూత్రం తీసుకుని, మందు అందులో కనిపిస్తోందో లేదో పరీక్షించేవాళ్లు. దూరంగా ఉన్న రోగిని కనిపెట్టుకోవడానికి ఆ రోజుల్లో ఉన్న సాంకేతికత అదే. వైరు లేదు, తెర లేదు. గడప తొక్కే మనిషి ఉన్నాడు.

మద్రాసు ఫలితం వచ్చిన రెండేళ్లకు, బెంగళూరులోని జాతీయ క్షయ సంస్థ ఒక జిల్లా మొత్తానికి సరిపోయే పథకం తయారు చేసింది. ఊరి ఆస్పత్రిలోనే తెమడ పరీక్ష, అక్కడే మాత్రలు, ఇంట్లోనే చికిత్స. దాన్ని మొదట అమలు చేసి చూడటానికి ఎంచుకున్నది అనంతపురం జిల్లానే. 1961లో దేశంలోని తొలి నమూనా జిల్లా క్షయ కేంద్రం అక్కడ మొదలైంది. తాడిమర్రి, ధర్మవరం, పెనుకొండ, హిందూపురం అప్పటికి ఆ జిల్లాలోవే. మరుసటి ఏడాది అదే నమూనా జాతీయ క్షయ కార్యక్రమమై దేశమంతా వెళ్లింది. వర్షం పడని జిల్లాగా పేరుపడ్డ అనంతపురం ఇంటి వైద్యానికి తొలి పొలమైందన్న సంగతి ఈ జిల్లా పిల్లలకు బడిలో చెప్పాలి.

ఆ తర్వాత జరిగింది కూడా చెప్పకపోతే అబద్ధమాడినట్టే అవుతుంది. జాతీయ కార్యక్రమంలో మాత్రలు ఇంటికి వెళ్లాయి, మద్రాసులో వెళ్లిన మనుషులు వెళ్లలేదు. నెలకోసారి మాత్రలు చేతిలో పెట్టి పంపేశారు. 1992లో కార్యక్రమాన్ని సమీక్షిస్తే చికిత్స మధ్యలో మానేసేవాళ్లే ఎక్కువని తేలింది. ఎదురుగా ఒకరుండి మాత్ర వేయించే డాట్స్ పద్ధతి అందుకే తెచ్చారు. దానికీ ఖర్చు తగ్గించాలని తర్వాత ఫోన్ వచ్చింది. మాత్ర అట్ట చింపితే లోపల ఒక నంబరు కనిపిస్తుంది, ఆ నంబరుకు ఉచితంగా ఫోన్ కొడితే మాత్ర వేసుకున్నట్టు లెక్క. దీన్ని 99డాట్స్ అన్నారు. మాత్ర వేసుకుని ఫోన్ చెయ్యనివాళ్లు, ఫోన్ చేసి మాత్ర వేసుకోనివాళ్లు రెండు రకాలూ ఉన్నారని తర్వాత పరిశోధకులు మూత్ర పరీక్షలతో సరిచూసి చెప్పారు. అంటే 2010ల నాటి ఫోన్ చెప్పిన సంగతిని నమ్మాలో లేదో తేల్చుకోవడానికి, 1956 నాటి మూత్రం పరీక్షే మళ్లీ కావాల్సి వచ్చింది.

మహారాష్ట్రలోని గడ్చిరోలి కథ దీనికి రెండో వైపు చూపిస్తుంది. అభయ్ బంగ్, రాణీ బంగ్ అనే వైద్య దంపతులు 39 ఊళ్లలో, ఊరి ఆడవాళ్లకే పసిబిడ్డల వైద్యం నేర్పారు. రక్తంలో ఇన్ఫెక్షన్ పాకిన పసిగుడ్డుకు ఇంట్లోనే జెంటామైసిన్ సూదిమందు ఇచ్చేంతగా శిక్షణ ఇచ్చారు. మూడో ఏడాదికి నవజాత శిశు మరణాలు 62 శాతం తగ్గాయని 1999లో లాన్సెట్ పత్రిక అచ్చేసింది. ఇవాళ మన ఆశా కార్యకర్త బాలింత ఇంటికి మూడో రోజు, ఏడో రోజు, అలా నలభై రెండో రోజు దాకా వెళ్తోందంటే దాని మూలం గడ్చిరోలిలో ఉంది. చదువు తక్కువైనా శిక్షణ, మందు, వెనక నిలబడే డాక్టరు ఉంటే ఇంట్లో ప్రాణం నిలబెట్టవచ్చని ఆ ఊళ్లు నిరూపించాయి.

దూరవైద్యం విషయంలోనూ తెలుగు నేల వెనకబడి లేదు. చిత్తూరు జిల్లా అరగొండ అపోలో అధినేత ప్రతాప్ సి.రెడ్డి సొంతూరు. అక్కడి ఆస్పత్రిని ఉపగ్రహం ద్వారా పట్నం డాక్టర్లతో కలిపే కేంద్రాన్ని 2000 మార్చి 24న అమెరికా అధ్యక్షుడు బిల్ క్లింటన్ లాంఛనంగా ప్రారంభించారు. దేశంలో పల్లె టెలిమెడిసిన్ అక్కడే మొదలైంది. ఇంటర్నెట్ అంటే పట్నంలోనే చాలామందికి తెలియని రోజుల్లో పల్లె రోగి స్కాన్ పట్నం డాక్టరు తెర మీదకు వెళ్లింది. 2019 నవంబరులో కేంద్ర ప్రభుత్వం ఈ-సంజీవని అనే దూరవైద్య సేవ తెచ్చినప్పుడు ముందుగా అమల్లో పెట్టిన రాష్ట్రం ఆంధ్రప్రదేశే. 2020 ఏప్రిల్‌లో లాక్‌డౌన్ నడుమ 14410 నంబరుతో రాష్ట్రం ఫోన్ వైద్యం మొదలుపెట్టింది. ఈ-సంజీవని వాడకంలో ఈ రాష్ట్రం ఏళ్ల తరబడి ముందు వరుసలో ఉంది.

అయితే ఫోన్‌లో డాక్టరు మాట వేరు, వార్డు వేరు. ఈ-సంజీవనిలో రోగి క్లినిక్‌కు వస్తాడు, తెర మీద డాక్టరు కనిపిస్తాడు, మందులు రాస్తాడు, అక్కడితో ఆ కాల్ ముగుస్తుంది. మర్నాడు ఆ మనిషికి జ్వరం దిగిందా అని ఆ డాక్టరు చూడడు, చాలాసార్లు మర్నాడు తెర మీద ఉండేది వేరే డాక్టరు. ఎన్ని కాల్స్ అయ్యాయన్నది అధికారుల సమీక్షల్లో పెద్ద లెక్క. వార్డులో నడిచే పద్ధతి ఇంకోలా ఉంటుంది. అక్కడ ఒకే రోగిని ఒకే బృందం రోజూ చూస్తుంది, ఉదయం ఉన్న ఊపిరి లెక్క సాయంత్రం ఎంతైందో కాగితంపై పోల్చి చూస్తుంది, రాత్రి రెండింటికి పిలిస్తే ఎవరో ఒకరు వస్తారు. ఇంటికి తీసుకురావాల్సింది ఈ పద్ధతిని.

తాడిమర్రిలో దీన్ని నిలబెట్టడానికి ఏమున్నాయి? మొదట ఊరి క్లినిక్. రాష్ట్రంలో పదివేలకు పైగా విలేజ్ హెల్త్ క్లినిక్‌లు పెట్టి, బీఎస్సీ నర్సింగ్ చదివినవాళ్లను అక్కడ నియమించారు. జనం వాళ్లను నర్సమ్మ అనే పిలుస్తారు, కాగితాల్లో కమ్యూనిటీ హెల్త్ ఆఫీసర్. వాళ్లతోపాటు ఏఎన్ఎం, ఆశా. 2023 ఏప్రిల్‌లో రాష్ట్రమంతా మొదలైన ఫ్యామిలీ డాక్టర్ పద్ధతి ప్రకారం పీహెచ్‌సీ డాక్టరు 104 వాహనంతో నెలకు రెండుసార్లు ఊరికి రావాలి, మంచాన పడ్డవాళ్లను ఇంటికెళ్లి చూడాలి. ఆ ఆలోచన మంచిది, ప్రభుత్వం మారినా నిలబెట్టుకోవాల్సినది. అయితే నిమోనియా పదిహేను రోజులు ఆగదు. నెలకు రెండుసార్ల డాక్టరు, రోజుకు రెండుసార్ల నర్సు, ఎప్పుడు పిలిచినా పలికే పెద్దాస్పత్రి, ఈ మూడూ ఒకే చీటీ మీదకు రావాలి.

పెద్దాస్పత్రి పాత్రకు బత్తలపల్లి ఆర్డీటీని మించినది ఈ చుట్టుపక్కల లేదు. స్పెయిన్ నుంచి వచ్చిన విన్సెంట్ ఫెర్రర్ 1969లో స్థాపించిన సంస్థ అది. కరవు ఊళ్లలో ఇళ్లు కట్టించి, బావులు తవ్వించి, తర్వాత ఆస్పత్రులు కట్టింది. బత్తలపల్లిలోని హెచ్‌ఐవీ, క్షయ విభాగాలకు ఎక్కడెక్కడి నుంచో రోగులు వస్తారు. 2020లో కోవిడ్ వచ్చినప్పుడు ప్రభుత్వం ఆ ఆస్పత్రినే జిల్లాకు కోవిడ్ ఆస్పత్రిగా తీసుకుంది. 2025లో సంస్థకు విదేశీ నిధుల అనుమతి చిక్కుల్లో పడితే పల్లె జనం రోడ్ల మీదకొచ్చి ర్యాలీలు తీశారు. ఒక ప్రాంతం ఒకే ఆస్పత్రి మీద ఎంతగా ఆధారపడి ఉందో ఆ ర్యాలీలు చూపించాయి. అక్కడి పడకలను మరీ ప్రాణం మీదకొచ్చినవాళ్లకు మిగల్చాలంటే, నాలుగో రోజుకు కోలుకుంటున్న మనిషిని ధైర్యంగా ఇంటికి పంపి అక్కడే మిగతా చికిత్స పూర్తి చేయగల ఏర్పాటు ఉండాలి. పుట్టపర్తిలో 1991లో మొదలైన సత్యసాయి ఆస్పత్రిలో ఉచితంగా గుండె ఆపరేషన్ చేయించుకుని ఊరికి తిరిగొచ్చిన మనిషికీ ఇదే అవసరం. కుట్టు దగ్గర ఎర్రబడిందా లేదా అని చూపించుకోవడానికి బస్సెక్కి పుట్టపర్తి పోవాలా?

ఎవరిని ఇంట్లో ఉంచవచ్చు, ఎవరిని ఉంచకూడదు అన్నది డాక్టర్లు గీత గీసి రాయాలి. గుండెపోటు, పక్షవాతం, పాముకాటు, కాన్పు, ప్రమాదం ఇంటి వైద్యానికి పనికిరావు, అక్కడ 108 ఎంత త్వరగా వస్తుందన్నదే ముఖ్యం. ఆయాసం అదుపులో ఉన్న నిమోనియా, షుగరు మనిషికి కాలు వాచి ఎర్రబడిన ఇన్ఫెక్షన్, గుండె బలహీనతతో కాళ్లకు పట్టిన నీరు, పాత దగ్గు ఆయాసం ముదరడం, ముసలివాళ్ల మూత్రం ఇన్ఫెక్షన్, ఇవి కుదిరేవి. రోజుకు ఒక్కసారి ఇస్తే సరిపోయే యాంటీబయాటిక్ సూదిమందులు ఉన్నాయి. నర్సు పొద్దున వచ్చి అది ఇచ్చి, బీపీ, జ్వరం, ఆక్సిజన్ లెక్కలు ఫోన్‌లో ఎక్కిస్తే బత్తలపల్లి డాక్టరు చూస్తాడు, వీడియోలో రోగితో రెండు మాటలు మాట్లాడతాడు. సాయంత్రం ఇంకోసారి. ఇంటికి ఫోన్ సిగ్నల్ లేకపోయినా, రాత్రి పూట వాహనం అరగంటలో చేరలేని తండా అయినా, ఆ ఇంటి మనిషిని ఆస్పత్రిలోనే చేర్చాలి. ఆక్సిజన్ కాన్సన్‌ట్రేటర్ పెడితే కరెంటు పోయినప్పుడు వాడటానికి పక్కన సిలిండర్ ఉండాలి.

పరికరాల మీద గుడ్డి నమ్మకం కూడా ప్రమాదమే. కోవిడ్‌లో ఇంటింటికీ చేరిన ఆక్సీమీటర్ ముదురు రంగు చర్మం ఉన్నవాళ్లలో ఆక్సిజన్ ఉన్నదానికంటే ఎక్కువ చూపవచ్చని, 2020 డిసెంబరులో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో అమెరికా వైద్యులు రాశారు. నల్లజాతి రోగుల్లో ఇలా తప్పిపోయిన కేసులు తెల్లవాళ్లకంటే దాదాపు మూడు రెట్లు. ఎండలో పనిచేసే తాడిమర్రి రైతు వేలికి 94 చూపిస్తే అది నిజంగా 94 కాకపోవచ్చు. ఆ తేడాను పట్టేది ఊపిరి లెక్కపెట్టి, పెదవుల రంగు చూసి, మాట పూర్తి చెయ్యలేకపోతున్నాడని గమనించే నర్సు.

ఇంటి వైద్యమంటే ఇంట్లో ఆడవాళ్ల మీద ఇంకో బరువు వేయడం కాకూడదు. ఈ విషయం మీద పథకాలు రాసేవాళ్లు తక్కువ మాట్లాడతారు. ఆస్పత్రిలో ఆయా చేసే పని ఇంట్లో కోడలో, కూతురో చెయ్యాలి. మంచం మీద పక్క మార్చడం, మరుగుదొడ్డికి నడిపించడం, గంటగంటకూ నీళ్లు పట్టడం. ఆ మనిషి కూలి మానుకుని చేస్తోంది. ఆ కూలి పథకంలోనే లెక్కగట్టి ఇవ్వాలి. దీనికి మన దగ్గర దారి ఉంది. 2019 డిసెంబరులో ఆరోగ్యశ్రీ కింద ఆపరేషన్ చేయించుకున్నవాళ్లకు కోలుకునే రోజుల్లో రోజుకు 225 రూపాయలు, నెలకు 5,000 వరకు ఇచ్చే ఆరోగ్య ఆసరా తెచ్చారు. ఇంట్లో పడి ఉన్న రోజులకు కూడా ప్రభుత్వం వెల కట్టడం చిన్న సంగతి కాదు. మంచాన పడ్డవాళ్లకు నెలకు 15,000 పింఛను ఇస్తున్న ప్రభుత్వానికి ఈ లెక్క కొత్తగా నేర్పక్కర్లేదు. రోగికి ఇచ్చే ఆ డబ్బు పక్కనే, చూసుకునే మనిషికీ ఒక గడి ఉండాలి.

డబ్బు ఎటు ప్రవహిస్తే వైద్యం అటు పోతుంది. అమెరికాలో జరిగింది అదే, ఇక్కడ జరుగుతున్నదీ అదే. ఆరోగ్యశ్రీ 2007 ఏప్రిల్‌లో మూడు జిల్లాల్లో మొదలైంది: మహబూబ్‌నగర్, శ్రీకాకుళం, అనంతపురం. అంటే ఈ జిల్లా రెండోసారి తొలి పొలమైంది. ఆ పథకం ఎన్నో ప్రాణాలు నిలిపింది, అది నిజం. కానీ దాని ప్యాకేజీలు ప్రధానంగా ఆస్పత్రి పడక చుట్టూ అల్లినవి. మనిషి చేరితేనే ఆస్పత్రికి డబ్బు, ఇంట్లో ఉంచి నయం చేస్తే పైసా రాదు. పడక నింపినవాడికి చెల్లించే పద్ధతిలో ఇంటి వార్డు ఏ ఆస్పత్రికీ గిట్టదు. ఇప్పుడు ఆ పథకం పేరు ఎన్టీఆర్ వైద్య సేవ. 2.5 లక్షల దాకా బీమా కంపెనీ, ఆపైన 25 లక్షల దాకా ట్రస్టు భరించే కొత్త విధానానికి 2025 సెప్టెంబరులో మంత్రివర్గం ఒప్పుకుంది. చికిత్సల జాబితాలు, ధరలు మళ్లీ రాసే సమయంలోనే ఇంటి వార్డుకు ఒక ప్యాకేజీ చేర్చాలి. రోజుకు ఇంత అని నర్సు రాకకు, డాక్టరు చూపుకు, మందులకు, తిరిగి చేర్చాల్సి వస్తే అంబులెన్సుకు కలిపి ధర కట్టాలి. బీమా కంపెనీ చేతికి ఒప్పందం వెళ్లిపోయాక ఇది చేర్చడం కష్టమవుతుంది.

ఆ ధరలో నర్సు భాగం న్యాయంగా ఉండాలి. క్లినిక్‌లలో పనిచేసే హెల్త్ ఆఫీసర్లు 2025లో జీతాలు, ఉద్యోగ భద్రత కోసం వారాల తరబడి సమ్మె చేశారు. వాళ్ల భుజాల మీద ఇప్పటికే యాప్‌లు, సర్వేలు, టీకాలు ఉన్నాయి. అదే జీతానికి ఇంకో పని తగిలిస్తే ఇంటి వార్డు కాగితం మీదే ఉండిపోతుంది. ప్రతి రోగి రోజుకూ విడిగా భత్యం, తిరగడానికి బండి ఖర్చు, రాత్రి పని చేస్తే మర్నాడు సెలవు ఇవ్వాలి. ఆశాకూ అంతే. ఆరెంపీలను పోలీసులతో తరిమితే సమస్య తీరదు. ప్రభుత్వ నర్సు అదే ఇంటికి ఉచితంగా వస్తే వాళ్ల సెలైన్ బాటిల్‌కు గిరాకీ దానంతటదే తగ్గుతుంది.

కిడ్నీ రోగుల విషయం ఒక్కటి చూస్తే ఇదెంత దూరం పోగలదో తెలుస్తుంది. హీమోడయాలసిస్ అయితే వారానికి రెండు మూడుసార్లు ఆస్పత్రికి వెళ్లి, ఒక్కోసారి నాలుగు గంటలు మిషన్ పక్కన పడుకోవాలి. పల్లె మనిషికి దారి ప్రయాణంతో కలిపి అది ఒక రోజు. పెరిటోనియల్ డయాలసిస్‌లో పొట్టలోకి ఒక మెత్తటి గొట్టం అమర్చి, రోజుకు మూడు నాలుగుసార్లు రెండేసి లీటర్ల ద్రవాన్ని ఎక్కించి తీస్తారు. ఇది ఇంట్లోనే, నేర్చుకున్న మనిషి చేసుకోవచ్చు. రాత్రి నిద్రలో చేసే చిన్న మిషన్లు కూడా ఉన్నాయి. ఎంత ద్రవం వెళ్లింది, ఎంత వచ్చిందన్నది ఫోన్ ద్వారా డాక్టరుకు పంపేవీ వచ్చాయి. ద్రవం మబ్బుగా వస్తే ఇన్ఫెక్షన్ అని అర్థం, ఆ రోజే డాక్టరుకు తెలియాలి. 2016లో మొదలైన జాతీయ డయాలసిస్ కార్యక్రమం మిషన్ కేంద్రాలతో మొదలైంది. 2019లో పొట్ట డయాలసిస్‌కూ కేంద్రం మార్గదర్శకాలు రాసింది. అయినా పల్లెల్లో అది పెద్దగా వేళ్లూనుకోలేదు. సంచులు నెలనెలా ఇంటికి చేరాలి, చేతులు శుభ్రంగా కడుక్కోవడం ఇంటివాళ్లకు ఎవరో ఓపికగా నేర్పాలి, మొదటి నెల వారానికి రెండుసార్లు నర్సు వచ్చి గొట్టం చుట్టూ చర్మం చూడాలి. సంచులు కొనడానికి టెండరు చాలు. నేర్పడానికి, చూడటానికి మనిషి కావాలి, ఆ మనిషికి జీతం కావాలి.

ఇదంతా రాష్ట్రమంతటా ఒకే రోజు మొదలుపెట్టమని కాదు. 2025 జూలైలో కుప్పంలో టాటా సంస్థతో కలిసి డిజిటల్ నర్వ్ సెంటర్ ప్రారంభించి, రోగుల వివరాలన్నీ ఒకచోటికి తెచ్చే పని మొదలైంది. అక్కడ తెరలు, డేటా చూస్తున్నారు. తాడిమర్రి, బత్తలపల్లి, ధర్మవరం మండలాల్లో ఇంటి నర్సుతో ఒక ఏడాది చూడాలి. మూడు జబ్బులు, ఒక పెద్దాస్పత్రి, పీహెచ్‌సీలు, ఊరి క్లినిక్‌లు. ఇంట్లో ఎందరు చనిపోయారు, ఎందరిని తిరిగి చేర్చాల్సి వచ్చింది, ఇంటివాళ్ల జేబు నుంచి ఎంత పోయింది, చూసుకున్న ఆడమనిషి ఎన్ని రోజుల కూలి కోల్పోయింది, ఈ నాలుగూ లెక్కించి బయటపెట్టాలి. ఫోన్ కాల్స్ సంఖ్య ఐదో లెక్కగా ఉంటే చాలు. రోగి వివరాలు ఎవరు చూడవచ్చో ఇంటివాళ్లకు తెలుగులో చెప్పి, వాళ్లు ఒప్పుకున్నాకే ఫోన్‌లోకి ఎక్కించాలి. ఎప్పుడు కావాలన్నా ఆస్పత్రికి వెళ్తామనే హక్కు వాళ్లదే.

ఉత్తర్వు రాసేటప్పుడు యాప్ పేరు కంటే ముందు రాయాల్సిన గడులు కొన్ని ఉన్నాయి. ఈ రోగి ఏ డాక్టరు పూచీ కింద ఉన్నాడు. రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా ఫోన్ ఎవరు ఎత్తుతారు. నర్సు సెలవు పెడితే ఆ రోజు సూదిమందు ఎవరిస్తారు. ఊపిరి నిమిషానికి ఎన్ని దాటితే బండి బయల్దేరాలి, ఆ బండి ఎక్కణ్ణించి వస్తుంది. ఊరి సచివాలయం గోడ మీద ఈ జవాబులు పెద్ద అక్షరాలతో అంటించి, ఇంటివాళ్ల చేతికి ఒక ప్రతి ఇచ్చిన రోజున మొదటి రోగిని ఇంటికి పంపవచ్చు.